ఈ మధ్య తవ్విన గుంత

1965 ఫిబ్రవరి 19

ఈ డైరీ మోత్కూరు నుంచి అన్న పంపాడు. బట్టల దుకాణం వాళ్లు పంచినదట. ఇంటి ఖర్చులు రాసుకో అన్నాడు. ఖర్చులన్నీ అత్త నోట్లోనే ఉంటాయి, నేను రాసేదేమీ లేదు. అందుకే జనవరి అంతా ఖాళీగా పోయింది. అయిదో తరగతి దాకా చదివిన చెయ్యి ఊరికే ఉంటే అక్షరాలు మరిచిపోతుందేమోనని ఈ రోజు మొదలుపెట్టాను. ఎవరూ చూడకుండా జొన్నల కాగులో దాచుకుంటాను.

ఏం రాయాలో తెలియడం లేదు. ఊరి సంగతి రాస్తాను. వానాకాలం లోపల మా రేవుపల్లి ఖాళీ చేయాలి. డ్యాం నీళ్లు వస్తాయి. పైన గట్టు మీద వరసగా రాతి ఇళ్లు లేపుతున్నారు, దాన్ని అందరూ కాలనీ అంటున్నారు. మా ఇల్లు ఊరికి చివర, పాటిగడ్డను ఆనుకుని ఉంది. ఎప్పటిదో ఒక ఊరు కూలి దిబ్బ అయిపోతే దాన్ని పాటిగడ్డ అన్నారు. నీళ్లు రాకముందే అందులో ఏముందో చూసి రాసి పెట్టుకోవాలని హైదరాబాదు నుంచి సార్లు వచ్చి, గుడారాలు వేసుకుని తవ్వుతున్నారు. మా ఆయన అక్కడ కావలి ఉంటున్నారు. రోజూ అన్నం గిన్నె నేనే తీసుకుపోతాను. అక్కడ పెట్టి తల దించుకుని వచ్చేస్తాను.

పెరట్లోకి పోలేదు.

ఫిబ్రవరి 22

పెరట్లోకి పోలేదు. బూడిద పారబోయడానికి పోయాను, అంతే.

ఫిబ్రవరి 25

రాసి చూస్తే ఏమైనా తెలుస్తుందేమో.

పోయిన శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పురుడు కాకముందే పోయింది. ఏడ్చిన గొంతు గుర్తుంది, మొహం గుర్తు లేదు. ఒడిలో పడుకోబెట్టుకుని చూసిన మొహం గుర్తు లేకుండా గొంతు ఒక్కటే ఎట్లా గుర్తుంటుందో నాకు అర్థం కాదు. ఒక్కోసారి మొహం గుర్తొచ్చినట్టే ఉంటుంది. చూస్తే అది మా అన్న కూతురి మొహం.

వీళ్లింట్లో పళ్లు రాని పిల్లల్ని ఊరి బయటికి తీసుకుపోరట. కొత్త కుండలో పెట్టి, మూకుడు మూసి, పెరట్లోనే పెడతారట. నేను లోపల మంచం మీద ఉన్నాను. గడ్డపార చప్పుడు విన్నాను. తవ్వింది ఆయన, పెట్టింది అత్త. తర్వాత నేను లేచి తిరిగే నాటికి కొట్టం గోడ మూలన రేగు కంప కుప్పగా వేసి ఉంది. అదే అయి ఉంటుంది. ఎవరూ చెప్పలేదు.

అత్త ఒక్కసారే చెప్పింది. "పేరు పెట్టలే, పురుడు గాలే. లేనిదాని గురించి ఏడిస్తే వచ్చేది గూడ నిలువది. ఆ దిక్కు సూడకు పిల్లా."

అందుకే చూడను.

ఇప్పుడు నీళ్లు వస్తున్నాయి. పక్కింటి వాళ్లు దూలాలు, దర్వాజలు, తిరగలి అన్నీ గట్టు మీదికి చేరవేస్తున్నారు. ఊరి దేవత పోచమ్మను కూడా బండిలో తీసుకుపోయారు. మా ఇంట్లో ఏవేవి తీసుకుపోవాలో అత్త రోజూ చెబుతుంది. రోలు, రోకలి, కొట్టం మీది బండలు, ఆఖరికి దండెం కట్టిన మేకులు కూడా. పెరట్లో ఉన్నదాని మాట ఎవరూ ఎత్తరు. అడగొచ్చా, అడగకూడదా? అడిగితే ఏడ్చినట్టా? నీళ్ల కింద వదిలేసి పోతే చూడకుండా ఉన్నట్టేనా?

మార్చి 1

శివరాత్రి. సార్లు, కూలీలు అందరూ పుట్టెక్కి ఏరు దాటి అవతలి ఒడ్డు జాతరకు పోయారు. ఆయన ఒక్కరే కావలి. ఉడకబెట్టిన గెణుసుగడ్డలు తీసుకుపోయాను. ఆయన గుడారం నీడలో తువాల మొహాన వేసుకుని నిద్రపోతున్నారు. లేపలేదు. ఎవరూ లేరు కదా అని మొదటిసారి తల ఎత్తి తవ్విన చోటు చూశాను.

లోపల ఇల్లు ఉంది.

ఏవో రాళ్లు ఉంటాయనుకున్నాను. నిజంగా ఇల్లే. మోకాలెత్తు గోడలు, గడప రాయి, తలుపు తిరిగే గుంట, మూలన పొయ్యి. పొయ్యికి మసి కూడా ఉంది. ఆ ఇంటి ఆమె ఇప్పుడే లేచి నీళ్లకు పోయినట్టు ఉంది. నేలంతా కుంచెతో దులిపి శుభ్రంగా పెట్టారు కానీ, పండుగ పూట అలుకు లేదు, ముగ్గు లేదు. అట్లా వట్టిగా ఉండే ఇల్లు ఎట్లాంటి ఇల్లో నాకు తెలుసు. పోయిన శ్రావణంలో మా ఇల్లు అట్లాగే ఉంది.

చూస్తూ ఉండలేకపోయాను. ఇంటికి వచ్చి పేడ కలిపి బిందెలో తీసుకుపోయాను. దిగి మొత్తం అలికాను. పొయ్యి చుట్టూ కూడా. గడప దగ్గర సున్నంతో చిన్న ముగ్గు వేశాను. వచ్చేశాను. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికగా ఉంది. ఎందుకో తెలియదు. పరాయి ఇల్లు కదా.

మార్చి 2

తప్పు చేశానట.

పొద్దున్నే పాటిగడ్డ మీద కేకలు. రామచంద్రం సారు, అంటే తవ్వకానికి పెద్ద సారు, ఈ రోజు ఆ నేలను ఫోటో తీయించి హైదరాబాదు పంపాల్సి ఉందట. తవ్వకంలో దొరికిన కుండ పెంకులు కడిగే జంగమ్మ పరుగున మా ఇంటికే వచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వుకుంటూ. అక్కడ ఏమన్నదో అత్తకు తనే చెప్పింది.

"దొంగలొచ్చి ఇల్లు అలికిపోయిన్రట నర్సింగమ్మా! నేనన్న, సారూ, ఆ దొంగలను జర మా ఇంటికి గూడ పంపున్రి, పిండివంట చేసి పెడ్త అని. గుర్రుగ జూసిండు."

అత్త నవ్వలేదు. నా వైపు చూసి బయటికి పోయింది. పాటిగడ్డ దాకా పోయి ముగ్గు చూసి వచ్చింది.

"నీ చేతి ముగ్గు నాకు తెల్వదానే? ఆఖరి గీత ఎప్పటికీ వంకరే. నడువు. లేకుంటే నా కొడుకు కాటమయ్య కొలువు పోతది."

నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. అందరి ముందూ నిలబడ్డాను. ఆయన దూరంగా కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు, మొహం నల్లగా అయిపోయింది. సారు నన్ను చూసి ఆగిపోయారు. నేను ఇంత చిన్నదాన్నని అనుకోలేదేమో.

"ఎందుకు చేశావమ్మా ఇట్లా? పదిహేడు వందల ఏళ్ల నాటి నేల అది. ఎందుకు?"

ఎందుకో నాకు తెలిస్తే కదా. "పండుగ సారూ" అన్నాను.

నక్షాలు గీసే అబ్దుల్ ఖాదర్ సాబు ఉన్నట్టుండి నవ్వారు. తెల్ల గడ్డం, ముక్కు మీద అద్దాలు. "సచ్చీ బాత్ సాబ్. పండుగ పూట ఇల్లు అలకకుంటె ఎట్ల?" అని నేల వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

"సాబ్, గిది జర చూడున్రి."

నేనలికిన నేలంతా ఆరి తెల్లబారింది. పొయ్యికి ఎడమ పక్కన మాత్రం గుండ్రంగా, కంచమంత మేర ఇంకా తడిగానే ఉంది. నల్లగా.

"నేను సరిగా అలకలేదు సారూ, పేడ ఎక్కువైంది" అన్నాను భయపడి.

"పేడ కాదు బేటీ. ఒక్కసారి తవ్వి పూడ్చిన జాగా గట్టి నేల తీరు ఆరదు. నీళ్లు తాగి లోపల పెట్టుకుంటది. కింద గుంత ఉన్నది."

సారు గొంతుక్కూర్చుని ఆ మచ్చనే చూస్తున్నారు. నన్ను తిట్టే సంగతే మరిచిపోయారు. అత్త నా రెక్క వదిలింది.

మార్చి 4

ఆ మచ్చ కింద కుండ ఉంది. మూకుడు బోర్లించి ఉంది. కుండలో ఎముకలు. కోడిపిల్ల ఎముకలంత సన్నగా.

ఊరంతా చూడటానికి వచ్చింది. సారు అందరికీ చెబుతున్నారు. పసిపిల్లట. పళ్లు లేవట. ఆ కాలంలో పిల్లల్ని ఇట్లా కుండలో పెట్టేవారని వేరే చోట్ల చూశారట, ఇక్కడ దొరకడం ఇదే మొదలట. చేతులు రుద్దుకుంటూ చిన్నపిల్లాడిలా సంతోషపడుతున్నారు. ఆ సంతోషం చూసి నాకు కోపం రావాలి. రాలేదు. పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఒకరు సంతోషంగా ఎత్తుకున్నారు కదా అనిపించింది. మళ్లీ అట్లా అనుకోవడం తప్పేమో అనిపించింది.

అలికింది నేను. నేను అలకకపోతే అది అట్లాగే నీళ్ల కిందికి పోయేది. సారు అదే అన్నారు. మెచ్చుకున్నారో, తిట్టారో తెలియలేదు.

అత్త కూడా వచ్చింది. అంచున నిలబడి ఖాదర్ సాబును అడిగింది.

"పొయ్యికి ఎడమ దిక్కేనా సాబూ?"

"అవునమ్మా, ఎడమ దిక్కే."

"మూత తిన్నగ పెట్టిన్రా, బోర్లిచ్చిన్రా?"

"బోర్లిచ్చిన్రు."

జంగమ్మ పక్కనుంచి "ఇంట్లనే పెట్టుకున్నరా, ఛీ, ఎట్ల తిన్నరో బువ్వ" అంది. అత్త అందరూ పోయేదాకా అక్కడే నిలబడింది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో తనలో తాను అనుకుంటున్నట్టు "పొయ్యి కాడ వెచ్చగుంటది" అంది.

"ఏంది అత్తమ్మా?"

"ఏం లే. నడువు, గొడ్లకు నీళ్లు పెట్టాలె."

మార్చి 5

దాన్ని దూదిలో పెట్టి పెట్టెలో సర్దారు. హైదరాబాదు తీసుకుపోతారట. అక్కడ ఏం చేస్తారు?

పెరట్లోకి పోలేదు.

మార్చి 9

నాకు పని దొరికింది. సారు ఆయనతో అన్నారట, "నీ భార్యను ఊరికే వదిలితే నా నేలలన్నీ అలికేస్తుంది, రాయడం వచ్చంటున్నావు కదా, పెంకులకు నంబర్లు వేయమను" అని. అత్త వద్దంటుందనుకున్నాను. "పో, ఇంట్ల మూలకు కూసోని ఏం జేస్తవ్" అంది.

జంగమ్మ వాళ్లు తొట్లలో పెంకులు కడిగి చాప మీద ఆరబెడతారు. నేను ఒక్కో పెంకు లోపలి వైపు సన్న కలంతో నల్ల సిరా పెట్టి రాస్తాను. ఊరి గుర్తు, ఏ గుంట, ఏ పొర. మొదటి రోజు సిరా పాకింది. జంగమ్మ చూసి "ముగ్గు గాదు పిల్లా, గీతలు తిన్నగ రావాలె" అని ఎత్తిపొడిచింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. చాలా రోజులైంది.

మార్చి 15

చేతి వేళ్లకు సిరా పోవడం లేదు. అన్నంలో కూడా ఆ వాసనే.

ఈ రోజు రెండు పెంకులు ఏ బుట్టలోవో తెలియకుండా కలిసిపోయాయి. ఏ నంబరు వేయాలని ఖాదర్ సాబును అడిగాను. చేతిలో తిప్పి చూసి చాప అవతలికి విసిరేశారు.

"మంచిగనే ఉన్నది కద సాబ్?"

"మంచిగనే ఉన్నది. ఏడికెళ్లి వచ్చిందో తెల్వకుంటె అది మనకు రాయే బేటీ. జాగా తెలిస్తెనే మాట్లాడ్తది."

సాయంత్రం పోతూ పోతూ ఆ రెండు పెంకులు ఏరి కొంగున కట్టుకున్నాను. ఎందుకో తెలియదు. పొయ్యి వెనక పెట్టాను.

మార్చి 19

సారు మా ఇంటికి వచ్చారు. మంచం వాల్చాము. మజ్జిగ ఇచ్చాను.

పాటిగడ్డలోని ఆ ఇంటి గోడ ఇటువైపే వస్తోందట. మా పెరటి కిందికి. కొట్టం గోడ మూలన ఒక గుంట తవ్వితే ఆ ఇల్లు ఎంత పెద్దదో తెలుస్తుందట. ఎట్లాగూ ఖాళీ చేసే ఇల్లే కదా, అనుమతి ఇవ్వండి అన్నారు.

తలుపు చాటుకు జరిగాను. ఆయన నేలకేసి చూస్తున్నారు. అత్త వద్దంటుంది, తప్పకుండా వద్దంటుంది అనుకున్నాను.

"తవ్వుకోన్రి సారూ. నాకేంది. ఎప్పుడు తవ్వుతరు?"

"సోమవారం."

"మంచిది" అంది అత్త. మజ్జిగ గిన్నె నా చేతికి ఇచ్చి కడుక్కురమ్మంది.

మార్చి 20

పొద్దున ఆయన దుడ్డెను విప్పుతుంటే కొట్టం దగ్గరికి పోయాను.

"ఇగో, జర ఇను. సోమారం ఆడ తవ్వితే..."

"తవ్వనియ్యి."

"మరి అది?"

"ఏ జాగనో నాకు గుర్తు లే."

"నీ చేతులతోని గద తవ్వింది?"

ఆయన దుడ్డెను వదిలేశారు. అది తల్లి దగ్గరికి ఉరికి పాలన్నీ తాగుతున్నా చూడలేదు. "నువ్వు వినలేదా అమ్మ ఏం చెప్పిందో? ఊకో లీలా. ఊకో" అని తువాల దులుపుకుని పోయారు. ఆయనకు నిజంగా గుర్తు లేదేమో. నాకు మొహం గుర్తు లేనట్టు. లేక మా ఇద్దరికీ గుర్తుందా?

చాప దగ్గర ఖాదర్ సాబుకు చెప్పేద్దామనుకున్నాను. సోమవారం వాళ్లకు కుండ దొరుకుతుంది. కొత్త కుండ. అందులో... సారు చేతులు రుద్దుకుంటారా? దూదిలో పెట్టి నంబరు వేయమని నాకే ఇస్తారా? ఇస్తే ఏ పొర అని రాయాలి?

"సాబ్, మా పెరట్ల..."

"ఏంది బేటీ?"

"పెరట్ల సొరపాదు ఉన్నది. జర చూసి తవ్వున్రి."

"తప్పకుంట చూస్త. ఫికర్ చేయకు."

మా పెరట్లో సొరపాదు లేదు.

మార్చి 21

అత్త కోడి కూసే వేళకే లేచింది. గట్టు మీద కొత్త ఇంట్లో పొయ్యి వేయడానికి ఈ రోజు మంచిదట. తట్ట నెత్తిన పెట్టుకుంది. పైన తడి గోనె కప్పింది. మట్టి అంది. గట్టు మీద మట్టి లేదా? ఇక్కడి నల్లమట్టి అయితేనే పొయ్యి నిలుస్తుందట. తట్ట ఎత్తడానికి నేను చెయ్యి వేయబోతే "ముట్టకు" అని గట్టిగా అంది.

"నేను గూడ వస్త అత్తమ్మా."

"నీకేం పని ఆడ? ఇల్లు సూస్కో. పొద్దుగూకేసరికి వస్త."

ఈ రోజే పోవాలా? రేపు తవ్వుతారని తెలిసి, ఈ రోజే పోయి పొయ్యి వేసుకోవాలా? అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఆమెకు ఆ ఇల్లు ముఖ్యం, రోలు ముఖ్యం, మేకులు ముఖ్యం. రోజంతా పెరటి తలుపుకు గొళ్లెం పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. పోతే ఏం చేస్తానో నాకే తెలియదు. గడ్డపార తలుపు పక్కనే ఉంది. తీశాను, పెట్టాను. తీశాను, పెట్టాను. గడ్డపార మొనకు తడి మట్టి అంటి ఉంది. ఆయన ఎక్కడో వాడి ఉంటారు.

అత్త సాయంత్రం వచ్చింది. ఒళ్లంతా మట్టి. చేతుల మీద ముళ్లు గీరిన గీతలు. గట్టు దారిలో రేగు చెట్లు ఉన్నాయేమో. కాళ్లకు నీళ్లు ఇచ్చాను. ఆమె అన్నం తినకుండా పడుకుంది.

మార్చి 22

తవ్వారు.

ముందు రేగు కంప తీసి పక్కన పడేశారు. పైన మట్టి గీకి చదును చేశారు. ఖాదర్ సాబు చిల్లుల డబ్బాతో నీళ్లు చల్లించారు. కాసేపు ఎండలో వదిలేశారు. నేల ఆరుతూ వచ్చింది. ఏం కనబడుతుందో వాళ్లకంటే ముందే నాకు తెలుసు. కొట్టం స్తంభం పట్టుకున్నాను.

గుండ్రంగా, కంచమంత. నల్లగా.

జంగమ్మ "ఇగో ఇంకోటి" అని కేక పెట్టింది. సారు దిగారు. మా ఆయన ఇటు తిరగకుండా కర్రతో నేల పొడుస్తున్నారు. అత్త గడప మీద కూర్చుని వడ్లలో రాళ్లు ఏరుతోంది. చిన్న చాకుతో మట్టి తీస్తున్నారు. మెత్తగా, వదులుగా, చేత్తోనే వచ్చేస్తోంది. ఇంకా తీశారు. ఇంకా.

ఏమీ లేదు.

అడుగున గట్టి నేల వచ్చింది. ఒట్టి గుంత. నేను స్తంభం వదిలేసి ముందుకు పోయాను. ఎవరూ పిలవకుండా అంతమందిలోకి పోవడం అదే మొదలు. వంగి చూశాను. నిజంగానే ఏమీ లేదు.

సారు మట్టి చేత్తో నలిపి చూశారు. "పాతది కాదు. ఈ మధ్య తవ్విన గుంత. దేనికి తవ్వారమ్మా ఇక్కడ?"

అత్త తల ఎత్తలేదు. "జొన్నల పాతర సారూ."

"ఇంత చిన్న పాతరా?"

"మాది చిన్న ఇల్లు సారూ."

సారు నవ్వి పైకి వచ్చేశారు. గోడ దొరికింది కదా, ఆ సంతోషంలో ఉన్నారు. ఖాదర్ సాబు కాగితం మీద పొరలన్నీ నిండు గీతలతో గీసి, ఆ గుంతను మాత్రం చుక్కల గీతతో గీశారు. ఈ కాలంది అయితే చుక్కలట. మట్టి సంచికి చీటీ కట్టాలి. "రాయి బేటీ" అన్నారు. సాబు చెప్పినట్టే రాశాను.

ఈ మధ్య తవ్విన గుంత. ఏమీ దొరకలేదు.

అక్షరాలు తిన్నగానే వచ్చాయి.

మార్చి 23

నక్కలు తీసుకుపోయాయేమో. కానీ రేగు కంప చెదరలేదు.

మార్చి 24

ఆయన ఏట్లో వేశారేమో.

మార్చి 26

అత్త ఏట్లో వేసిందేమో. సోమవారం అనగానే ఆమె "మంచిది" అన్నది కదా.

లేక అసలు అక్కడ పెట్టనే లేదేమో. గడ్డపార చప్పుడు విన్నాను. చప్పుడు విన్నానా? జ్వరంలో ఉన్నాను. పుట్టిందా? పాలు పడ్డాయి కదా, రవికె తడిసింది కదా, అది అబద్ధం కాదు కదా.

మార్చి 28

అడిగాను. అత్త కుడితి కలుపుతోంది. ఆమె వీపు వైపు నిలబడి అడిగాను.

"ఏం జేసిన్రు?"

"ఏంది?"

"దాన్ని."

"దేన్నే?"

పేరు పెట్టలేదు. ఏమని అడగాలి? నిలబడ్డాను. అత్త కుడితి కలుపుతూనే ఉంది, తవుడు అంతా కరిగిపోయాక కూడా. "ఎండ ముదురుతాంది, గొడ్లను నీడకు కట్టు" అంది. కట్టాను.

ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమెకు తేడా తెలిసినట్టు లేదు. నేను ముందు కూడా మాట్లాడింది తక్కువే.

ఏప్రిల్ 12

పెట్టెలన్నీ లారీకి ఎక్కించారు. దూదిలో ఉన్నది కూడా పోయింది. దాని పెట్టె మీద నంబరు నేనే వేశాను. ఏ ఇల్లు, ఏ మూల, ఎంత లోతు, అన్నీ ఉన్నాయి. అది ఎక్కడికి పోయినా ఎక్కడిదో తెలుస్తుంది.

ఖాదర్ సాబు నక్షాలు చుడుతుంటే, మా పెరటిది ఒకసారి చూపించమని అడిగాను. విప్పి పట్టుకున్నారు. ఎర్రపొర, బూడిద పొర, ఇటుకల గోడ. పైన మూలన చుక్కలతో చిన్న గిన్నె ఆకారం.

"ఇది గూడ హైద్రాబాద్ పోతదా సాబ్?"

"నక్షాల ఉన్నదంత పోతది."

"పనికిరాని గుంత కద?"

సాబు అద్దాల మీదుగా నన్ను చూశారు. ఏమైనా తెలిసిందా? "నేల ఎట్లుంటె అట్ల గియ్యాలె బేటీ. పనికివచ్చుడు, రాకపోవుడు మనం చెప్పేది కాదు" అని చుట్టి, దారం నన్నే కట్టమన్నారు. గట్టిగా కట్టాను.

ఏప్రిల్ 30

పెరట్లోకి పోయాను. గుంట పూడ్చలేదు. తొండ ఒకటి పోయింది.

మే 14

ఇల్లు విప్పేశాము. దూలాలు బండికి ఎక్కాయి. దర్వాజ ఊడదీస్తుంటే అత్త దాన్ని పట్టుకుని నిలబడింది, ఆయన "జరుగమ్మా" అంటే గానీ జరగలేదు. పొయ్యి వెనక పెట్టిన రెండు పెంకులు కొంగున కట్టుకున్నాను. వెనక్కి చూడొద్దంది అత్త. తానే చూసింది.

మే 15

కాలనీ. అన్ని ఇళ్లు ఒకటే తీరుగా ఉన్నాయి. పొద్దున నీళ్లకు పోయి వచ్చేటప్పుడు వేరే వాళ్ల ఇంట్లోకి పోయాను. చెట్టు లేదు. గాలికి దుమ్ము.

రెండు గదులు. లోపలి గదిలో మూలన అత్త మార్చిలో వేసిన పొయ్యి ఎండి గట్టిపడి ఉంది. ఇప్పటిదాకా ముట్టించలేదు. అత్త పేడ కలిపి బిందె నా ముందు పెట్టింది. కొత్త ఇంట్లో మొదటి అలుకు పెద్దవాళ్లు చేస్తారు కదా అని చూశాను.

"నువ్వే అలుకు" అంది.

మాట్లాడకుండా తీసుకున్నాను. లోపలి గోడ నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ గడప దాకా అలికాను. ముగ్గు వేశాను. ఆఖరి గీత ఈసారి కూడా వంకరే వచ్చింది. ఇద్దరం బయట గోడ నీడలో కూర్చున్నాము. ఆయన బండి ఖాళీ చేస్తున్నారు. మే నెల ఎండకు నేల ఎంతసేపట్లో ఆరుతుంది? చూస్తుండగానే తెల్లబడింది.

బియ్యం తీయడానికి లేచాను. గడపలో ఆగిపోయాను.

పొయ్యికి ఎడమ పక్కన నేల ఆరలేదు. గుండ్రంగా, కంచమంత.

వెనక్కి తిరిగి చూశాను. అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గట్టు దిగువకు చూస్తోంది. చేతుల మీది గీతలు మానిపోయాయి, ఒకటి మాత్రం తెల్లగా మిగిలింది. నావైపు తిరగకుండానే అంది.

"నిలబడ్డవేందే? పొయ్యి ముట్టియ్యి. వెచ్చగుంటది."

ముట్టించాను. కొంగున ఉన్న పెంకులు తీసి ఆ పక్కనే పెట్టాను. అన్నం ఉడికేదాకా ఎడమ పక్కనే కూర్చున్నాను.